ఆకుపచ్చ గళ్ల చెవి

వెరీనాకు లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తానూ తన కూతురూ ఏ తలుపు వెనక ఉంటున్నారో, తను వదిలేసి వచ్చిన గెర్నోట్‌కు తెలిసిపోవడం. కొడతాడని కాదు. కొట్టిన రోజులు ఉన్నాయి, వాటిని ఆమె దాటుకునే వచ్చింది. తెలిసిపోతే చాలు, అతను ఇంకేమీ చెయ్యక్కర్లేదు. వీధి అవతల నుంచుని కిటికీవైపు చూస్తూ సిగరెట్టు కాల్చుకుంటే చాలు. ఇక ఆ ఇంట్లో ఆమెకు ముద్ద దిగదు, కునుకు పట్టదు.

లింట్స్ ఊళ్లో అలాంటి కిటికీని ఒకదాన్ని వదిలేసే ఆమె నాలుగేళ్ల ఫ్లోరాను చంకనేసుకుని వియన్నా చేరింది. ట్రాం ఆఖరి స్టాపుకు ఒక స్టాపు ముందు, నూట పన్నెండు ఇళ్ల పాత సముదాయం. మూడో మెట్ల వరుసలో పద్నాలుగో నంబరు. గెర్నోట్ దగ్గరికి రాకూడదని కోర్టు ఇచ్చిన ఉత్తర్వు గడువు వేసవిలోనే తీరిపోయింది. మళ్లీ ఇవ్వాలంటే మళ్లీ ఏదో జరగాలట. ఆ ఏదో జరిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం వెరీనా వల్ల కాలేదు.

ఇల్లు చేరిన మొదటి వారమే వీధి తలుపు పక్కన, ఒక్కో ఇంటికి ఒక్కో గంట ఉన్న పలకలో ఆమె పేరు వెలిసింది. కోగ్లర్. చిన్న గాజు బిళ్ల కింద, నల్లటి అచ్చక్షరాల్లో. అక్కడ గంట పక్కన పేరు లేకపోతే మనిషి లేనట్టే లెక్క, ఉత్తరాలావిడ కూడా ఉత్తరం వెనక్కి తీసుకుపోతుంది. వెరీనా రోజూ ఫ్లోరాను బడికి తీసుకెళ్తూ ఆ పలక ముందు ఒక్క క్షణం ఆగేది. బొటనవేలితో గాజు బిళ్లను కప్పి చూసుకునేది. వేలు తీస్తే మళ్లీ పేరు అక్కడే ఉండేది.

ఆమె పొద్దున పూట ఒక పళ్ల డాక్టరు దగ్గర గదులు తుడుస్తుంది. అక్కడ గోడమీద ఒక కాగితం ఉంది: మీ పేరు, మీ పుట్టిన తేదీ మీ సొంత సమాచారం, ఐరోపా చట్టం దానికి కాపలా అని. పదిహేనో ఏట బడి మానేసి మంగలి దుకాణంలో పని నేర్చుకోబోయి అదీ సగంలో వదిలేసిన మనిషి వెరీనా. ఆ కాగితం చూసి చూసి, నాలుగుసార్లు చింపి, ఐదోసారికి ఇళ్ల యాజమాన్యానికి ఉత్తరం రాసింది. 'నా పేరు నా సొంత సమాచారం. నన్ను అడక్కుండా గంట దగ్గర పెట్టారు. దయచేసి తీసెయ్యండి.'

తన పేరు ఒక్కటే తీస్తారనుకుంది. మూడు వారాలకు ఇద్దరు మనుషులు స్క్రూడ్రైవర్లతో వచ్చి నూట పన్నెండు పేర్లూ తీసేశారు. జరిమానా పడుతుందని ఆఫీసువాళ్లకు గుండెల్లో రాయి పడిందట. ఒకరి పేరు తీసి ఇంకొకరిది ఉంచితే రేపు వాళ్లూ అడుగుతారని, ఒక్క దెబ్బతో అంతా ఊడ్చేశారు. గంటల పక్కన ఇప్పుడు అంకెలే మిగిలాయి.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర పెద్ద పంచాయతీ జరిగింది. తొమ్మిదో నంబరు మాజిస్టర్ పోకోర్నీ గారు కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా కిందికి దిగివచ్చారు. పెద్ద చదువు చదివి తెచ్చుకున్న మాజిస్టర్ అన్న పట్టా ఆయన పేరుకు ముందు ఉంటుంది. అది లేకుండా పిలిస్తే ఆయన పలకరు.

"ఆరేళ్లు చదివానండీ ఆ ఒక్క మాట కోసం! ఆరేళ్లు! ఇప్పుడు నేనెవర్ని? తొమ్మిది. ఉత్త తొమ్మిది!"

"తొమ్మిదికేం, లక్షణంగా ఉంది మాజిస్టర్ గారూ," అంది పదకొండో నంబరు వోద్రాష్క ముసలావిడ, మెట్ల కమ్మీ పట్టుకుని. "నాకంటే రెండు తక్కువ. మీకు తగ్గించుకోవడం అలవాటేగా, ప్రతి పుట్టినరోజుకూ రెండేళ్లు తగ్గిస్తారు."

"మీకు నవ్వులాటగా ఉంది. ఎవరో ఫిర్యాదు చేశారట. ఎవరయ్యా అంటే ఆఫీసువాళ్లు చెప్పరట. ఆ పేరు కూడా సొంత సమాచారమట!"

"చెప్పకపోవడమే మంచిది. చెబితే మీరు వెళ్లి లాటిన్‌లో తిడతారు, వాళ్లకు అర్థంకాక మళ్లీ ఫిర్యాదు చేస్తారు."

వెరీనా ఫ్లోరా చెయ్యి పట్టుకుని, తల వంచుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆనందించాల్సిన రోజది. కానీ ఏదో తప్పు చేసినట్టే ఉంది.

ఆ తప్పు ఏమిటో నెల తిరక్కుండానే తెలిసింది. వోద్రాష్క గారికి ఎనభై మూడేళ్లు. ట్రాంలో టిక్కెట్లు కొట్టే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. చక్కెర జబ్బు. పదకొండున్నరకు ఇంజక్షన్ తనే పొడుచుకుంటుంది, పన్నెండింటికి బండిమీద భోజనం వస్తుంది. తెచ్చే మనిషి వారానికొకరు మారతారు. వాళ్ల కాగితంలో పేర్లే ఉంటాయి, ఇక్కడేమో అంకెలు. ఆ రోజు వచ్చినవాడు కొత్తవాడు. ఏవో నాలుగిళ్ల గంటలు కొట్టాడట, ఇంట్లో ఎవరూ లేక ఎవరూ పలకలేదట, భోజనం వెనక్కి పట్టుకుపోయాడు.

వెరీనా పని ముగించుకుని వచ్చేసరికి పదకొండో నంబరు తలుపు ఓరగా తెరిచి ఉంది. ముసలావిడ వంటగది నేలమీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం నిండా చెమట. వెరీనాను చూసి, "టిక్కెట్టు... టిక్కెట్టు చూపించండి," అంది. ఇంజక్షన్ పడ్డాక తిండి లేక ఒంట్లో చక్కెర పడిపోయిందని వెరీనాకు తోచింది. చేతికి దొరికిన జామ్ సీసా తెరిచి చెంచాతో నోట్లో పెట్టింది. పావుగంటకు ఆవిడ కళ్లలోకి మనిషి తిరిగొచ్చింది.

"అది ఆప్రికాట్ జామ్," అంది ఆవిడ ముందుగా. "క్రిస్మస్‌కని దాచుకున్నాను. సగం ఖాళీ చేశావు పిల్లా."

ఆ రోజునుంచి వెరీనా పన్నెండుంపావుకల్లా పదకొండో నంబరు గంట కొట్టడం మొదలుపెట్టింది. లోపలికి వెళ్లి పళ్లెం ఖాళీ అయిందో లేదో చూసిగానీ పై మెట్లు ఎక్కేది కాదు. దయ అని ముసలావిడ అనుకునేది. పేర్లు తీయించింది తనేనని చెప్పడానికి మాత్రం వెరీనాకు నోరు రాలేదు.

అక్కడితో ఆగక ఇళ్ల యాజమాన్యం ఆఫీసుకూ వెళ్లింది. అక్కడ సమాచార రక్షణ చూసే హొలుబ్ అనే ఆవిడ ఉంది. బల్లమీద ముక్కు తుడుచుకునే కాగితాల పెట్టె, ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.

"పదకొండో నంబరావిడ పేరు మళ్లీ పెట్టండి. భోజనం తెచ్చేవాళ్లకు ఇల్లు దొరకడం లేదు."

"ఆవిడ ఒప్పుకుంటే పెడతాం. తన ఇష్టప్రకారమే అని ఆవిడే సంతకం చెయ్యాలి. ఇదిగో ఫారం. ఆవిడ తరఫున మీరు అడగడానికి లేదు."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"వరుసలో నలభై ఏడు ఫారాలున్నాయి. అందులో ముప్ఫై మందికి పేరు కాదు, పేరు ముందు పట్టా కావాలి."

వెరీనా ఫారం తీసుకుంది కానీ లేవలేదు. "ఇంకో మాట. పేరు పోయింది కదా, ఇక నేను ఎవరికీ దొరకనట్టేనా?"

హొలుబ్ ముక్కు తుడుచుకుని ఆమెను తేరిపార చూసింది. ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదని ఆమెకు తెలిసిపోయింది. "చూడండి కోగ్లర్ గారూ, చట్టం పేరు దగ్గర ఆగదు. మీ ఇంటి నంబరూ మీరే. బట్టలుతికే ఉమ్మడి గదిలో, నా వంతు మంగళవారం తొమ్మిదింటికి అని మీరు రాసుకునే గడి కూడా మీరే. మీ ఫోను తిరిగిన దారి, మీ గొంతు, మీ పాపకు పడని తిండి, అన్నీ. దేన్నయినా చూసి 'ఇది ఫలానావిడ' అని వేలు పెట్టి చూపించగలిగితే అది మీ సొంత సమాచారమే. అందరూ గుర్తుపట్టక్కర్లేదు. తెలిసినవాడు ఒక్కడు పడితే చాలు."

"ఒక్కడు," అంది వెరీనా.

"ఒక్కడు," అంది హొలుబ్, మళ్లీ తుమ్మింది.

ఇంటికొచ్చినప్పటినుంచి వెరీనా తనను తాను వెతుక్కోవడం మొదలుపెట్టింది. బట్టలుతికే గదిలో మంగళవారం గడి కొట్టేసి శుక్రవారానికి మార్చింది. ఫ్లోరా బూట్ల లోపలి పేరు గోటితో గీకేసింది. చెత్తలో వేసే కవర్లమీది చిరునామాలు కత్తిరించి తడిపి ముద్ద చేసింది. అంకె కనిపిస్తే అంకె, అక్షరం కనిపిస్తే అక్షరం.

"ఏం పిల్లా," అంది వోద్రాష్క ఒక మధ్యాహ్నం, ఉడికిన బంగాళాదుంపను ఫోర్కుతో పొడుస్తూ. "ఎవరినుంచి దాక్కుంటున్నావని నేను అడగను. నలభై ఏళ్లు ట్రాంలో తిరిగాను, టిక్కెట్టు లేనివాళ్లనీ చూశాను, నిజంగా భయపడ్డవాళ్లనీ చూశాను. ఇద్దరూ వెనక తలుపు దగ్గరే నుంచుంటారు. నువ్వు రెండో రకం."

వెరీనా పళ్లెం తీసుకెళ్లి కడిగింది.

అక్టోబరులో ఫ్లోరా గాడిద పోయింది. బూడిద రంగు బొమ్మ గాడిద. పిల్ల పుట్టినప్పటినుంచి దాని మెడ పట్టుకునే నిద్రపోతుంది. బడినుంచి ఇంటికి వచ్చే దారిలో ఎక్కడో జారిపోయింది. ట్రాం స్టాపు, పార్కు, బేకరీ మూడుసార్లు తిరిగారు. లేదు. ఆ రాత్రీ మర్నాడూ పిల్ల ఏమీ ముట్టలేదు. పాలగ్లాసు తోసేసింది. "వాడికి చలేస్తోంది, అమ్మా," అని ఒకటే మాట.

రెండోరోజు వెరీనా కాగితం ముందేసుకుని కూర్చుంది. పేరు రాయలేదు. ఫోను నంబరు రాయలేదు. చేతిరాత పట్టుకుంటారని అన్నీ పెద్దక్షరాల్లో రాసింది.

'పోయింది: బూడిద రంగు బొమ్మ గాడిద. ఒక చెవి ఆకుపచ్చ గళ్ల గుడ్డతో కుట్టినది. ఒక పాప ఏడుస్తోంది. దొరికితే మూడో మెట్ల వరుస, పద్నాలుగో తలుపు దగ్గర పెట్టండి.'

ఆ నంబరు రాయడానికి చెయ్యి ఒకసారి ఆగింది. రాయకపోతే గాడిద ఎలా వస్తుంది? ఈ కాగితం చూసేది ఈ మెట్లెక్కేవాళ్లే కదా. చదివింది. మళ్లీ చదివింది. తను ఎక్కడైనా బయటపడిందా అని ఒక్కో మాటా పట్టి చూసింది. గాడిదే ఉంది, తను లేదు. గాడిద మనిషి కాదు కదా. కిందికి వెళ్లి వీధి తలుపు లోపలివైపు అతికించి వచ్చింది.

మూడోరోజు మాజిస్టర్ పోకోర్నీ గారు మెట్లమీద ఎదురై, ఎన్నడూ లేనిది, చిరునవ్వు నవ్వారు.

"పాపకు శుభవార్త! మీ కాగితం ఫొటో తీసి, మన వీధి పేరూ కలిపి, ఇంటర్నెట్‌లో పోయిన వస్తువుల గుంపులో పెట్టాను. దేశమంతా ఉంటారు అందులో. పదకొండు వందలమంది చూశారు! ఒకావిడ సాల్జ్‌బుర్గ్ నుంచి తన దగ్గరున్న గాడిదను పంపిస్తానంటోంది."

వెరీనా మెట్ల కమ్మీ పట్టుకుంది. "తీసెయ్యండి."

"ఎందుకండీ? నేను రెండుసార్లు సరిచూశాను. అందులో ఎవరి పేరూ లేదు. నాకూ తెలుసు ఇప్పటి చట్టాలు."

"తీసెయ్యండి మాజిస్టర్ గారూ. మీకు దణ్ణం పెడతాను."

ఆయన మొహం ముడుచుకుని తీసేశారు. మంచికి పోయినా తప్పే అని గొణుక్కుంటూ తలుపేసుకున్నారు. వెరీనా ఇంట్లోకి వచ్చి, కుర్చీలో కూర్చున్నాక గానీ తన భయం ఎక్కడినుంచి వస్తోందో తనకే తెలియలేదు. చెవి. లింట్స్‌లో వాషింగ్ మెషీన్ గాడిద చెవిని తినేసింది. ఇంట్లో కుట్టడానికి వేరే గుడ్డ దొరకలేదు. గెర్నోట్ పాత చొక్కా అంచునుంచి ఒక ముక్క కత్తిరించి కుట్టింది. అడక్కుండా కత్తిరించినందుకు అతను ఆ రోజు చేసిన గొడవ పక్కింటివాళ్లు కూడా విన్నారు. పదకొండు వందలమందికి అది ఒక బొమ్మ. ఒక్కడికి మాత్రం అది తలుపు నంబరుతో సహా రాసిన చిరునామా.

హొలుబ్ చెప్పిన ఒక్కడు.

చూసుండడులే అనుకుంది. శుక్రవారం గడిచింది. వారాంతం గడిచింది. పిల్ల రొట్టె ముక్క తినడం మొదలుపెట్టింది. వెరీనా ఊపిరి కాస్త కిందికి దిగింది.

గురువారం పదకొండున్నర దాటాక పనినుంచి వచ్చింది. పద్నాలుగో తలుపు పిడికి కాగితపు సంచి వేలాడుతోంది. మొదట గాడిదే అనుకుంది, ప్రాణం లేచొచ్చింది. చెయ్యి పెట్టి తీసింది. మడత పెట్టిన చొక్కా. ఆకుపచ్చ గళ్లు. శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసి ఉంది. కింది అంచులో అరచేతంత ముక్క లేదు. సంచిలో చీటీ లేదు, మాట లేదు.

చొక్కా పట్టుకునే కిందికి దిగి తొమ్మిదో నంబరు తలుపు కొట్టింది.

"ఇవాళ ఎవరైనా వచ్చారా?"

"వచ్చాడు, పదింటికి," అన్నారు పోకోర్నీ గారు. "మర్యాదస్తుడు. బొమ్మ దొరికింది, పాపకు ఇవ్వాలి, పైకి రానివ్వండి అన్నాడు. నేనే తలుపు తీశాను. ఎందుకు, గాడిద కాదా?"

"పేరు చెప్పాడా?"

"నేనడగలేదు." ఆయన కాస్త వెటకారంగా నవ్వారు. "ఇప్పుడు పేర్లు అడక్కూడదు కదా మనం."

వెరీనా చొక్కా ఎత్తి చూపించింది. ఆయన చొక్కా చూశారు, కత్తిరించిన అంచు చూశారు, ఆమె మొహం చూశారు. నవ్వు మొహం మీదే ఆరిపోయింది. తలుపు చట్రం పట్టుకుని, "అయ్యో, అమ్మాయ్," అన్నారు. అమ్మాయ్ అని ఆయన ఎవరినీ అనరు. అందరినీ ఇంటిపేరుతోనే పిలుస్తారు.

ఆడవాళ్లకు ఆశ్రయం ఇచ్చే ఇంటివాళ్ల నంబరు ఆమె బూటు అడుగున దాచుకునే ఉంది. ఫోన్ చేసింది. అవతలి గొంతు ఎక్కువ అడగలేదు. మూడింటికి బండి వస్తుంది, మొయ్యగలిగినంతే తెచ్చుకోండి, పాపను బడినుంచి మేమే తీసుకొస్తాం, ఎక్కడికో మాత్రం ఎవరికీ చెప్పొద్దు. మీకూ దారిలోనే తెలుస్తుంది. వెరీనా సరే, సరే అంది. రెండు సంచులు సర్దింది. గడియారం చూసుకుంది. పన్నెండుంపావు.

పదకొండో నంబరు గంట కొట్టింది.

ముసలావిడ భోజనం చేస్తోంది. ఇవాళ బండిమనిషి పాతవాడే, ఇల్లు దొరికింది. వెరీనా కుర్చీ లాక్కుని కూర్చుని, కోటు కూడా తియ్యకుండా మొత్తం చెప్పేసింది. గెర్నోట్ గురించి, చెవి గురించి, చొక్కా గురించి. ఆఖరున, "గంటల దగ్గర పేర్లు తీయించింది నేనే," అంది. "మీరు నేలమీద పడింది నా వల్లే."

"తెలుసు," అంది వోద్రాష్క.

"తెలుసా?"

"ఆ రోజు మాజిస్టర్ అరుస్తుంటే అందరూ ఆయన్ని చూశారు. నువ్వొక్కదానివే మెట్లు చూశావు." ఆవిడ చెంచా పక్కన పెట్టింది. "ఎన్నింటికి బండి?"

"మూడింటికి. రేపటినుంచి మిమ్మల్ని ఎవరు చూస్తారు? మీరు సంతకం పెట్టిన ఫారం ఇంకా ఆ నలభై ఏడులోనే ఉంది."

"మాజిస్టర్ ఉన్నాడుగా. నిన్ను పట్టిచ్చిన బాధకు నన్ను బాకీ తీర్చుకున్నట్టు చూస్తాడు, ఒక సంవత్సరం గడిచిపోతుంది."

"శని ఆదివారాలు ఆయన అక్కగారింటికి పోతారు. ఒక్కరికి చెబితే చాలదు." వెరీనా సంచిలోంచి కాగితం తీసింది. "కింద తలుపుకు అతికిస్తాను. కానీ అడగకుండా రాయను. మీ పేరు రాయనా?"

"పెద్దగా రాయి. వయసు కూడా రాయి, మాజిస్టర్‌కు కుళ్లు పుట్టాలి."

"జబ్బు సంగతి? అది పేరుకంటే గుట్టుగా ఉంచాలట. చట్టం అలా అంటుందట."

"నేను నేలమీద పడి ఉంటే చట్టం వచ్చి లేపుతుందా? రాయి పిల్లా. నేను చెప్పాను కదా, రాయి. సంతకం కావాలంటే సంతకం పెడతాను."

పెట్టింది కూడా. కాగితం చివర, వంకరగా. వెరీనా ఈసారి పెద్దక్షరాల్లో రాయలేదు. తన మామూలు చేతిరాతలోనే రాసింది. అతనికి తెలియవలసింది తెలిసిపోయాక అందులో దాచడానికేముంది. రాస్తుంటే రెండుసార్లు కాగితం తడిసింది, తుడిచి రాసింది. వెళ్లేముందు ముసలావిడ ఆమె కోటు కాలరు సరిచేసి, "ముందు తలుపులోంచి ఎక్కు," అంది. అంతే అంది.

మూడింటికి పది నిమిషాల ముందు వెరీనా రెండు సంచులతో కిందికి దిగింది. వీధి అవతల ఎవరూ లేరు. ఉన్నారేమో, ఆమె రెండోసారి చూడలేదు. గాడిద కాగితం చింపేసి, అదే చోట కొత్తది అతికించింది. నాలుగు మూలలా టేపు వేసి అరచేత్తో నొక్కింది. అందులో ఇలా ఉంది:

'ఈ తలుపు దాటే అందరికీ. రెండో అంతస్తు, పదకొండో నంబరులో హెర్మీనే వోద్రాష్క గారు ఉంటారు. ఎనభై మూడేళ్లు. ఇవన్నీ ఆవిడే రాయమన్నారు, కింద సంతకం ఉంది. ఆవిడకు చక్కెర జబ్బు. పదకొండున్నరకు ఇంజక్షన్, పన్నెండింటికి భోజనం రావాలి. ఒక్కోసారి రాదు. రాకపోతే పడిపోతారు, మాట తడబడుతుంది, అప్పుడు ఏదో ఒక తియ్యటిది నోట్లో పెట్టాలి. ఇంకో తాళంచెవి తొమ్మిదో నంబరులో ఉంది. రోజూ పన్నెండుంపావుకు నేను వెళ్లి చూసేదాన్ని, ఇకమీద రాలేను. పేర్లు పోయినందుకు కోపం ఉంటే అది నామీద ఉంచుకోండి, ఆవిడమీద కాదు. మీరు ఇది చదువుతున్నది ఏ వేళైనా సరే, పని ఉన్నా సరే, ఒక్కసారి పైకి వెళ్లి ఆవిడ గంట కొట్టండి. ఆవిడ ఎలా ఉన్నారో చూడండి.'